రంగు కలదు, గీత లేదు

కృష్ణకు ఎంత వరద వచ్చినను పాన్‌గల్ కొండలపైకి పడవ యెక్కి రాదు గనుక, ఫిరోజ్‌షా బహమనీ అంతటివాడు సయితము నేలదారినే వచ్చి మా కోటను ముట్టడించి భంగపడి మరలెను. అట్టి మెట్టయూరివాడు పడవల రంగును గూర్చి కలము పట్టెనేమని చదువరులు నవ్వవచ్చును. కాని కొల్లాపురము మీదుగా సోమశిల రేవు చేరి, ఆవలియొడ్డున సిద్ధేశ్వరమునకో సంగమేశ్వరమునకో దాటవలసివచ్చినప్పుడు మెట్టవాని ప్రాణమును ఏటివాని ప్రాణమును ఒక్క చెక్కమీదనే యుండును.

వెదురుబద్దలతో అల్లి తోలు తొడిగిన పుట్టి మా పూర్వుల నౌక. చెక్కపడవ కలవారు వేసవిలో దానిని ఒడ్డునకు లాగి, బోర్లించి, పాతపూత గీకి, పుచ్చిన పలక మార్చి, సందులలో నూలు దట్టించి, బాగుగా ఎండనిచ్చి, కట్టకడపట తారు పూసెడివారు. నాగరకత ప్రబలిన యీ దినములలో ముందరి పనులన్నియు కాలహరణములని త్రోసివేసి, కడపటిదానిని మాత్రము భక్తితో నిలుపుకొంటిమి. సముద్రపుటోడల అడుగున గుల్లలు పట్టకుండ రాగి కలిపిన రంగు పూయుదురు. మన మంచినీటిలో ఆ గుల్లల బాధ లేదు; మన పడవలకు పట్టునది తనిఖీ. కావున అధికారి వచ్చునను వార్త పొడసూపగానే డబ్బా మూత తెరచుకొనును. ఆకుపచ్చపై తెలుపు, తెలుపుపై ఎరుపు, ముక్కున నిమ్మకాయల దండ, ప్రక్కన దేవుని పేరు, అంతకంటె పెద్ద అక్షరములతో నాయకుని పేరు వెలయును. అడుగునున్న చిల్లు మాత్రము ఎవరి కంటను పడక యథాస్థానమున సుఖముండును.

పడవకు పూయదగిన రంగులలో అత్యుత్తమమైనది మిక్కిలి చౌకయైనది. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు, యజమానులు శిథిలనౌకలను మితిమీరి నింపి నావికులను కడలి పాలు చేయుచుండుట సహింపలేక పోరాడగా, 1876లో వాణిజ్యనౌకలకు బరువుగీత గీయవలెనను శాసనము పుట్టెను. గీత మునిగెనా, బరువు మించెను. అక్షరము రానివాడును చదువగల చట్టమది. మనకును లోతట్టు నౌకల చట్టము 1917 నుండి కలదు. 2021లో దానిని త్రోసి క్రొత్తది చేసిరి. చట్టమునకు రంగు మారినది. రేవులో బరువు నిర్ణయించువాడు మాత్రము నేటికిని “ఇంకొక్కరికి చోటున్నది, రండ”ని పిలుచు పడవవాడే.

2007 జనవరిలో మంచాలకట్ట చెంత పడవ మునిగి 61 మంది మరణించిరి. సింగోటం జాతరకు వెడలిన వారిని ఏటిపాలు చేసిన ఆ దుఃఖము ఇరుతీరములందును నేటికిని ఆరలేదు. 2022లో సోమశిల, సిద్ధేశ్వరముల నడుమ తీగలవంతెనకు 1,082 కోట్ల రూపాయలు కేంద్రము ఆమోదించెను. పత్రికలలో అచ్చైన ఆ వంతెన చిత్రపు రంగులు మిక్కిలి సొంపైనవి. కాని చిత్రముమీద నడచి యేఱు దాటుట యెవరి తరము?

కావున రేవుల నేలు దొరలకు విన్నపము: వంతెన కోట్లు వచ్చినప్పుడే రానిండు. ఆలోపల ఒక గరిటెడు తెల్లరంగుతో ప్రతి పడవ ప్రక్కను ఒక్క గీత గీయింపుడు. గీత మునిగిన పడవ తాడు విప్పనీయకుడు. ప్రయాణికులారా, ఆ గీత కనబడని పడవ యెంత రంగుగా నున్నను ఎక్కకుడు.