ఉన్న ఒక్క డబ్బాలోనే ఏరుకునేవాళ్లం

మొన్న మా మనవడు ఫోను పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. "తాతా, తూటాలు మనమే కట్టుకుంటే కార్డు మీద గుండ్లు పడే గ్రూపు సగానికి సగం తగ్గుతుందట. నువ్వెందుకు కట్టుకోలేదు?" అని నిలదీశాడు. చూస్తే అమెరికాలో ఎవరో పెద్దమనిషి షెడ్డులో బల్ల ముందు కూర్చుని, పేల్చిన ఇత్తడి కేసులు కడిగి, మూతులు సాపు చేసి, మందు తూచి పోసి, పైన గుండు కూరుస్తున్నాడు. పనితనం చూడముచ్చటగా ఉంది, కాదనను. కానీ ఆయన కడుతున్నది .308 తూటా. మావాడు రేంజికి మోసుకెళ్లేది పాయింట్ టూటూ. ఆ రెంటికీ తేడా తెలియకుండానే జర్మనీ జాకెట్టూ, బూట్లూ, గ్లవ్సూ అన్నీ కొనేశారు తండ్రీకొడుకులు. అదీ వాయిదాల మీద.

మా రోజుల్లో ఈ సంగతి తుపాకి ముట్టుకోకముందే చెప్పేవాళ్లు. కాలేజీలో ఎన్‌సిసి హవల్దారు మొదటిరోజే ఖాళీ కేసు అరచేతిలో పెట్టి, దాని అడుగు చూడమనేవాడు. పెద్ద తూటాకు అడుగున నడిమధ్య ప్రైమర్ ఉంటుంది. పేలాక దాన్ని పొడిచి తీసి కొత్తది బిగించొచ్చు. టూటూకి అదేమీ ఉండదు. అడుగు అంచు మడత లోపలే మండే మందు పూసి ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును నలిపితే రాజుకుంటుంది. నలిగిన అంచు నలిగినట్టే, మళ్లీ లేవదు. ఇక కట్టుకునేదేముంది? చూపించి అయిపోయాక ఆ ఖాళీ కేసు కూడా వెనక్కి లాక్కునేవాడు. లెక్క తప్పితే సాయంత్రం దాకా గడ్డిలో వెతకాలి.

చేత్తో తూటా కట్టడం మన ఊళ్లో తెలియని విద్యేం కాదు. మా పెద్దనాయన కాలంలో పన్నెండు బోరు వాళ్లంతా కట్టుకున్నవాళ్లే. టోపీ బిగించే చిన్న పనిముట్టు, మందు కొలిచే గరిటె, ఫెల్టు బిళ్లలు, అట్ట బిళ్లలు, కాగితం తూటా మూతిని లోపలికి మడిచే చేతి మిషను, ఇవన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. పిల్లలు ఆ పెట్టె దరిదాపులకు వెళ్తే వీపు పగిలేది. ఎల్జీ, ఎస్జీ, బీబీ అని రవ్వల సైజుల పేర్లు మాకు ఎక్కాల కంటే ముందు వచ్చేశాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారు అయిపోయింది, ఆ పెట్టె అటకెక్కింది. మంచిదే అయింది. అయినా రవ్వల తూటాకు గురితో పనేముంది? గుప్పెడు సీసం విసిరినట్టు పోతుంది. పైగా ఇప్పుడు ఆయుధ చట్టం కింద తూటా తయారు చేయాలంటే దానికి వేరే లైసెన్సు కావాలి. ఫోనులో చూసి వంటింటి గట్టు మీద మొదలెట్టే పని కాదని మావాడికి రెండుసార్లు చెప్పాను.

నాకూ ఆ పిచ్చి ఉండేది, దాచడం దేనికి? ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ అమెరికన్ రైఫిల్‌మన్ పాత సంచికలు దొరికేవి. అట్ట చిరిగి, ఎవరో కాఫీ ఒలకబోసినవి. బేరమాడి తెచ్చుకుని, వాళ్లు గుండును ఎంత లోతున కూర్చారో, కేసు మూతిని ఎలా సాపు చేశారో పరీక్షకు చదివినట్టు చదివేవాణ్ని. చేసేందుకు ఏమీ లేదు. చదవడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. ఇప్పటికీ ఆ పుస్తకాల వరస ఉంది గానీ పోటీ పరీక్షల గైడ్లే ఎక్కువ. రైఫిల్ పుస్తకం అడిగితే పైనుంచి కిందకు చూస్తారు.

అబిడ్స్ అన్న పేరే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం నుంచి వచ్చింది. ఆ నిజాముకేమో పులుల వేట, గురి, ఇవే లోకం. అందుకేనేమో ఆ చుట్టుపక్కల తుపాకుల దుకాణాలు చాన్నాళ్లు బతికాయి. నేను వెళ్లే దుకాణం పేరు చెప్పను. గల్లా వెనక అద్దాల బీరువా, నూనె వాసన, పాత మరఫా రికార్డు మోగినట్టు దగ్గే ముసలి యజమాని. లైసెన్సు పుస్తకం తెరిచి, ఈ ఏటి కోటాలో ఎంత మిగిలిందో వేలు పెట్టి లెక్కేసి, రిజిస్టరులో రాసి, ముద్ర కొట్టాకే బీరువా తాళం తీసేవాడు.

దొరికేది ఒకే రకం. మహారాష్ట్రలో ఖడ్కీ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తూటా, అడుగున కేఎఫ్ అని ముద్ర. డబ్బాకు యాభై. విదేశీ తూటా అంటే అసోసియేషన్ కోటాలో, పెద్ద పోటీకి ఎంపికైనవాళ్లకు విదిలించేది. ఈలీ టెనెక్స్ డబ్బా ఒకటి చేతికొస్తే నెల రోజులు విప్పకుండా దేవుడి గూట్లో పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఒకే రకమైతే ఎంచుకునేదేముందని అడుగుతాడు మావాడు. అసలు ఎంపిక మొదలయ్యేదే అక్కడ. డబ్బా చెవి మీద లాట్ నంబరు కొట్టి ఉంటుంది. ఒకే రోజు, ఒకే మిషను మీద, ఒకే మందుతో తయారైనవన్నీ ఒక లాట్. ఒక లాట్ నా రైఫిల్‌కు పడుతుంది, ఇంకోటి పడదు. ఎందుకని అడిగితే గొట్టానికే తెలియాలి. పక్కవాడి రైఫిల్‌కు సరిగ్గా ఉల్టా. అందుకని నేను బీరువాలోని డబ్బాలన్నీ గల్లా మీద పెట్టించి ఒకే నంబరువి ఏరేవాణ్ని. ముసలాయన నెత్తి కొట్టుకునేవాడు. "గోలీ తో గోలీచ్ హై నా సాబ్!" అనేవాడు. తూటా తూటానేనట! అంటూనే, పోయినసారి నేను తీసుకున్న నంబరు డబ్బాలు వెనకాల ఒక మూలన దాచి ఉంచేవాడు. ఇవాళ ఏ వెబ్‌సైటు దాస్తుందో చెప్పండి.

ఇంటికి తెచ్చాక ఇంకో విడత. అద్దం పలక మీద ఒక్కో తూటా దొర్లించాలి. గుండు కేసులో వంకరగా కూర్చుంటే ముక్కు తిరగేటప్పుడు కంటికి తెలిసిపోతుంది. దాన్ని పక్కన పెట్టాలి. అడుగు అంచు మందం చూడాలి, ఎందుకంటే పిన్ను కొట్టే చోటు అదే. మందంలో తేడా ఉంటే దెబ్బలో తేడా వస్తుంది. గుండు మీద మైనం రాలిపోయి ఉంటే అదీ పక్కకే. కొందరు మిత్రులు కంసాలి త్రాసులో తూచేవాళ్లు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. గుండే 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములు దాటుతుంది. ఇత్తడి కేసు దాని బరువు దానిది. మందు వీటి ముందు పిసరంత. త్రాసు తేడా చూపిస్తే అది సీసం తేడానో, ఇత్తడి తేడానో, మందు తేడానో ఎవరు చెప్పాలి? మరీ తేడాగా ఉన్నవాటిని ఏరేయడానికి పనికొస్తుంది, అంతే. ఇలా ఏరగా మిగిలినవి మ్యాచ్‌కు, పక్కన పెట్టినవి ప్రాక్టీసుకు. ఒక్కటీ పారేసేది లేదు.

అలా పక్కన పెట్టిన తూటాలే మాకు చదువు చెప్పాయి. పాయింట్ టూటూ యాభై మీటర్లు వెళ్లేసరికి పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు కిందికి దిగుతుంది. మ్యాచ్ తూటా వేగం సెకనుకు 325 మీటర్ల చుట్టుపక్కల, ధ్వని కంటే కాస్త తక్కువ. ధ్వనిని దాటించి వదిలితే దారిలో వేగం తగ్గుతూ ఆ గీత దగ్గర తడబడుతుంది, అందుకే ఆ హద్దు. ఈ వేగంలో సెకనుకు పది మీటర్లు తగ్గిన తూటా కార్డు మీద ఏడెనిమిది మిల్లీమీటర్లు దిగువన పడుతుంది. యాభై మీటర్ల కార్డు మీద వలయానికీ వలయానికీ మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే మనిషి ఏ తప్పూ చేయకపోయినా ఒక పాయింటు గోవిందా. గ్రూపు నిలువుగా సాగితే ముందు తూటాను అనుమానించాలి, అడ్డంగా సాగితే గాలినో, ట్రిగర్ మీద వేలునో. కార్డును ఇలా చదవడం రేంజిలో అందరికీ వచ్చు.

అంతకంటే ముఖ్యమైనది కాల్. తుపాకి పేలిన క్షణంలో గురి ఎక్కడుందో కంట్లో నిలుపుకుని, టెలిస్కోపులో చూడకముందే పైకి చెప్పాలి: "నాలుగు గంటల వైపు తొమ్మిది" అనో, "పది, నడిమధ్య" అనో. పక్కనున్నవాడు రాసుకుంటాడు. తర్వాతే చూడాలి. నేను పది అన్నాను, కార్డు ఆరు గంటల వైపు తొమ్మిది చూపించింది, పేలిన చప్పుడు కూడా కాస్త మొద్దుగా వినిపించింది. అయితే నేరం తూటాది. నేను పది అన్నాను, చప్పుడు మామూలే, గుండు మాత్రం మూడు గంటల వైపు వెళ్లింది. అప్పుడు గాలి జెండా చూడాలి. జెండా కదల్లేదంటే మనమే అబద్ధం చెప్పుకుంటున్నామన్నమాట. తూటా నమ్మదగినది కాదు కాబట్టి, ప్రతి దెబ్బకూ దోషి ఎవరో తేల్చుకోక తప్పేది కాదు.

ఇప్పుడు రేంజికి వెళ్లి చూడండి. తల పక్కనే మానిటర్. పేలిన మరుక్షణం 9.8 అని వెలుగుతుంది. దాన్ని చూసి పిల్లవాడు మొహం మాడ్చుకుంటాడు. "ఎక్కడ వదిలావురా?" అంటే, మానిటర్ వంక చూసి చెబుతాడు. కంటిని అడిగితే కదా జవాబు! పెల్లెట్ మార్చేద్దామా సార్ అంటాడు కోచ్‌తో. ఎయిర్ రైఫిల్ అయితే ఈ జబ్బు మరీ ఎక్కువ. డమరుకం ఆకారంలో నడుము సన్నగా ఉండే ఆ సీసపు ముక్క బరువు అరగ్రాము, 0.53. దాని తల కొలత 4.49 కావాలా, 4.50 కావాలా, 4.51 కావాలా అని వారం రోజుల చర్చ. డబ్బాలు తెరిచి, రైఫిల్‌ను వైసులో బిగించి, ఒక్కో రకం పది పది కొట్టి చూస్తారు. అందులో తప్పేం లేదు, నిజానికి చేయవలసిన పనే. బర్మింగ్‌హామ్‌లో ఈలీ వాళ్ల దగ్గరికి టూటూ రైఫిళ్లు మోసుకెళ్లి లాట్ ఏరుకునే ఛాంపియన్లు ఉన్నారు. 10 మీటర్ల కార్డులో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. 2013 నుంచి ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌లోనూ దశాంశాలే లెక్క, నిండు మార్కు 10.9. అక్కడ మా అద్దం పలకలు ఆనవు. ఒప్పుకుంటాను. కానీ వైసుకు ఊపిరి ఉండదు, గుండె కొట్టుకోదు. వైసు ఎంచిన పెల్లెట్‌తో ఈ పిల్లవాడు 9.8 కొడితే, మళ్లీ వైసును అడుగుతానంటాడేం?

మన ఊరి షూటర్ గగన్ నారంగ్ 2003లో ఇక్కడే ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం కొట్టాడు. 2012 లండన్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో 598, ఫైనల్లో 103.1, మొత్తం 701.1తో కాంస్యం తెచ్చాడు. ఆ ఫైనల్ చూసి ప్రతి తండ్రీ పిల్లవాడికి రైఫిల్ కొన్నాడు. ఆ 598 వెనకాల ఎన్నేళ్ల సాధన ఉందో ఎవరూ కొనలేదు. పైగా మాకు ప్రాణమైన యాభై మీటర్ల ప్రోన్‌ను 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. పడుకుని కాల్చే ఆ పోటీ అక్కడ మగవాళ్లకే ఉండేది, ఆడామగా పోటీలు సమానం కావాలట! ఇక త్రీ పొజిషన్‌లో భాగంగా కాసేపు పడుకోవాల్సిందే.

వేసవి సంగతి ఒకటి మర్చిపోయాను. మే నెలలో స్కూటర్ డిక్కీలో తూటాల డబ్బా పెట్టి వచ్చి, గ్రూపు పైకి ఎక్కుతోందని సైటు తిప్పుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. వేడెక్కిన మందు గట్టిగా తోస్తుంది. తడిగుడ్డ చుట్టిన సంచిలో నీడన పెట్టుకునేవాళ్లం మేము. ఇంకోటి, తూటా రకం మార్చిన వెంటనే పడ్డ దెబ్బల్ని లెక్కలోకి తీసుకోకూడదు. గొట్టంలో పాత మైనం పోయి కొత్త మైనం పట్టేదాకా అది సర్దుకోదు. ఇవాళ రెండు దెబ్బలు కొట్టి "ఈ బ్రాండు బాగోలేదు" అని తీర్పు ఇచ్చేస్తున్నారు.

ఈ జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు మావాణ్ని తీసుకెళ్లాను. మిర్చీ బజ్జీలూ, కశ్మీరీ శాలువలూ అయ్యాక గాలిబుగ్గలు కొట్టే స్టాలు దగ్గర నిలబడ్డాం. గన్ను ముందు సైటు ఎడమకు వంగి ఉంది, అది అక్కడ మామూలే. ఎంత వంగిందో మొదటి దెబ్బతో చూసుకుని కుడికి పట్టుకుంటే సరి. స్టాలు కుర్రాడు గుప్పెడు ఛర్రాలు గిన్నెలో పోశాడు. నేను ఒక్కోటీ వేళ్ల మధ్య తిప్పి, వెనక అంచు నొక్కుకుపోయినవి గిన్నెలోనే వదిలేసి, గుండ్రంగా ఉన్నవి ఏరి మావాడి చేతిలో పెట్టడం మొదలెట్టాను. అంచు వంకరైతే గాలి పక్కనుంచి జారిపోతుంది, ఛర్రా ఎటు పోతుందో దానికే తెలియదు. మావాడు సిగ్గుతో అటూ ఇటూ చూస్తున్నాడు. "కొట్టేముందు ఏ బుగ్గో చెప్పు, ఎక్కడ తగులుతుందో కూడా చెప్పు" అన్నాను. "ఎర్రది, ముడి దగ్గర" అని గొణిగాడు. ఎర్రదే పగిలింది. ముడి దగ్గర మాత్రం కాదు.

కుర్రాడు గిన్నె తన వైపు లాక్కున్నాడు. "పెద్దాయనా, వరసగా తీస్కోవాలె. ఏరుకుంటే పది రూపాయలు ఎక్కువ" అన్నాడు.

ఇచ్చేశాను.