డిప్‌స్టిక్ తీసి చూసేవాళ్ళేరీ?

ముప్పై రెండేళ్ళు విజయవాడ ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. రిటైరయ్యాక మావాడి దగ్గరికి గ్రేటర్ నోయిడా వచ్చేశాను. ఆ మధ్య వాడు కారు సర్వీసు చేయించుకొచ్చి బిల్లు టేబుల్ మీద పెడితే, కళ్ళజోడు తగిలించుకుని చదివాను. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, సరే. ఆ కిందే ‘ఇంజన్ ఫ్లష్’. దాని కింద ‘ఇంజన్ ట్రీట్‌మెంట్’. ఇంకా కింద ‘ఫ్యూయల్ అడిటివ్’. ఈ మూడూ కూడితే ఆయిలు ఖరీదును మించిపోయాయి.

“ఏమిట్రా ఇవన్నీ?” అన్నాను.

“ఇంజన్‌కి మంచిదట నాన్నా. వాళ్ళే చెప్పారు.”

“ఆయిలు మార్చాక డిప్‌స్టిక్ తీసి చూశావా?”

“అది మనం చూడాలా?”

ఆ మాటకి నాకు ఆ పూట అన్నం సయించలేదు. పోయిన డబ్బు గురించి కాదు నా బాధ. బానెట్ ఎత్తకుండానే ఏళ్ళ తరబడి బండి నడిపే రోజులొచ్చాయి కదా అని.

మా రోజుల్లో తెల్లవారుజామున తొలి సర్వీసు గేటు దాటేలోపు ప్రతి బస్సులోనూ ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్కు బయటికి రావాల్సిందే. మా మేస్త్రి చదివింది ఐదో క్లాసు. ఆయన డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిలు రుద్ది చూసేవాడు, వాసన చూసేవాడు. డీజిల్ కలిసిందో లేదో ఆ వేళ్ళే చెప్పేవి. అనుమానమొస్తే పాత న్యూస్‌పేపరు ముక్క మీద ఒక్క చుక్క వేసి పక్కన పెట్టి, టీ తాగొచ్చి చూసేవాడు. నలుపు ఒకే తీరుగా అంచుదాకా పాకితే ఆయిల్లో ఇంకా సత్తువ ఉన్నట్టు. నల్లటి మసంతా మధ్యలో ముద్దగా నిలిచిపోయి, చుట్టూ వెలిసిన వలయం మాత్రం పాకితే దాని పని అయిపోయినట్టు. ఆ బస్సు ఆ రోజే ఆయిల్ మార్పుకి వెళ్ళేది.

తర్వాత నాకు తెలిసిందేమిటంటే, మేస్త్రి ఆ కాగితం మీద చదివింది అచ్చంగా అడిటివ్‌నే. మసిని ముద్ద కట్టనివ్వకుండా విడివిడిగా తేల్చి ఉంచే మందొకటి ఆయిల్లో ముందే ఉంటుంది. అది ఖర్చయిపోయిన రోజున మసి గడ్డకడుతుంది. కాబట్టి అడిటివ్ అన్న మాటంటే నాకు పగేమీ లేదు. ఈ రోజు షాపులో కొనే మల్టీగ్రేడ్ డబ్బాలో ముప్పాతిక వంతు బేస్ ఆయిలైతే, మిగతాదంతా అడిటివ్‌లే. మసిని తేల్చేదొకటి, పిస్టన్‌ని కడిగేదొకటి, నురగ రానివ్వనిదొకటి, వేడికి మరీ పల్చబడకుండా కాచేదొకటి. ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట పొరలా పట్టుకునే జింక్ మందు 1940ల నుంచీ వాడుకలో ఉంది.

వీటన్నిటికీ పాళ్ళుంటాయి. ఆ జింక్ మందులో ఫాస్ఫరస్ ఉంటుంది. అది ఎక్కువైతే పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. అందుకే ఇప్పటి పెట్రోలు కార్ల పల్చటి ఆయిళ్ళలో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదని లెక్క కట్టి పెట్టారు. మేముండే ఈ ఊళ్ళోనే, సూరజ్‌పూర్ దగ్గర భారత్ పెట్రోలియం వాళ్ళ పరిశోధన కేంద్రం ఉంది. అలాంటిచోట చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఇంజన్లు తిప్పి, విప్పి, కొలిచి ఒక పాళం తేలుస్తారు. ఉప్పూ పులుపూ సరిపోయిన పప్పులో ఎదురింటివాళ్ళొచ్చి ఇంకో గుప్పెడు ఉప్పు పోస్తే ఊరుకుంటామా? ఇంజన్లో పోస్తే మాత్రం ఊరుకోవడమే కాదు, డబ్బులు కూడా ఇస్తున్నాం!

ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళు కార్లు తయారుచేసింది హోండా. ఆయిల్లో విడిగా అడిటివ్‌లు అవసరం లేదని, కలిపితే ఇంజన్ పనితీరుకీ మన్నికకీ చేటు జరగవచ్చని ఆ కంపెనీ తన మాన్యువల్లోనే రాస్తుంది. కారు చేసినవాడి మాట మన డ్యాష్‌బోర్డు అరలోనే ఉంటుంది. దాన్ని చదవం. కౌంటర్లో కుర్రాడు “అంకుల్‌జీ, ఇంజన్ మక్ఖన్ హో జాయేగా” అంటే, ఇంజన్ వెన్నలా నడుస్తుంది కాబోలని నమ్మేస్తాం.

ఇక్కడే ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ఒక స్టాలు ముందు జనం మూగి ఉంటే నేనూ ఆగాను. చిన్న మోటారు మీద స్టీలు చక్రం తిరుగుతోంది. దాని మీద ఒక బేరింగ్ రోలరుని స్టాలువాడు లీవరుతో నొక్కుతున్నాడు. కింద మామూలు ఆయిలు. కొంచెం బరువు పడేసరికి కీచుమని మోటారు ఆగిపోయింది. తర్వాత తన సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాడు. ఈసారి లీవరు మీద ఎంత బరువు వేసినా చక్రం ఆగలేదు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడికక్కడే సీసాలు అమ్ముడుపోయాయి.

ఆ యంత్రంలో కనికట్టేమీ లేదు. కాకపోతే, మన ఇంజన్లో చాలా చోట్ల బరువు అలా పడదు. ఇంజన్లో క్రాంక్ షాఫ్టు పంపు తోసే ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. నడుస్తున్నంతసేపూ అక్కడ ఇనుము ఇనుముకి తగలదు; రాసుకునే చోట్లకి ఆ జింక్ మందు ఆయిల్లో ముందే ఉంది. ఆ స్టాలు యంత్రంలో బరువంతా గింజంత చోట పడి ఆ పొర చితికిపోతుంది. అక్కడ క్లోరిన్ కలిసిన రసాయనాలు బాగా పట్టుకుంటాయి. వాటిని మేం ఆటోనగర్ లేత్ షాపుల్లో కటింగ్ ఆయిల్‌గా చూసినవాళ్ళమే. ఇనుము కోసేచోట అవి బంగారమే. ఇంజన్ వేడికీ చెమ్మకీ అవే ఆమ్లంగా మారి బేరింగుల్ని తింటాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరైనా “మా ఇంజన్ కూడా ఇలాగే నడుస్తుందా?” అని అడిగితే బాగుండేది. నేను అడిగాను. అతను నా వెనకవాడికి సీసా చూపించడం మొదలుపెట్టాడు.

ఈ సీసాల పిచ్చి మన దగ్గరే పుట్టిన రోగం కూడా కాదు. అమెరికాలో ఎస్‌టీపీ అనే పేరుమోసిన ఆయిల్ ట్రీట్‌మెంట్ కంపెనీ, తమది పోస్తే ఇంజన్ ఆయిలు తక్కువ తాగుతుందని చెప్పుకున్నందుకు 1978లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి 7 లక్షల డాలర్లు వదిలించుకుంది. స్లిక్ 50 అని ఇంకొకటి, టెఫ్లాన్ జాతి పొడి కలిపింది. ఇంజన్ అరుగుదల సగానికి తగ్గుతుందని దాని ప్రచారం. ఆధారాలు చూపించమంటే చూపలేక, 1997లో ఆ ప్రచారాలు మానుకుంటామని ఒప్పుకుంది. ఆ కేసులో కమిషన్ అన్న మాట మా మేస్త్రి ఎప్పుడూ అనే మాటే: మాన్యువల్లో చెప్పిన ఆయిలు పోస్తే చాలు, చాలా ఇంజన్లకి తగినంత రక్షణ ఉంటుంది. అలాగని నమ్మేయడంలో మనమూ తక్కువ తినలేదు. మా ఆంధ్రా పక్కనే, తమిళనాడులో 1996లో రామర్ పిళ్ళై మూలికలతో నీళ్ళని పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోళ్ళు తెరుచుకు చూసింది. 2016లో కోర్టు ఆయనకి మూడేళ్ళ శిక్ష వేసింది.

మా రోజుల్లో మోసం లేదని నేననను. ఉంది. బండి అమ్మేవాడు అరిగిపోయిన ఇంజన్లో గేర్ బాక్సులో పోసే చిక్కటి ఆయిలు పోసేవాడు. పొగ తగ్గేది, చప్పుడు తగ్గేది, బేరం కుదిరేది. నెల తిరక్కుండానే కొన్నవాడు మళ్ళీ షెడ్డుకొచ్చి తలపట్టుకునేవాడు. ఇప్పుడు ‘పొగ ఆపే మందు’ అని అమ్మే సీసాల్లో చాలావాటి కిటుకు ఆ చిక్కదనమే. అరిగిన రింగు అరిగినట్టే ఉంటుంది. దానికి మందు ఇంజన్ విప్పి, బోరు కొలిచి, రింగులు మార్చడమే. అప్పుడు చిక్కటి ఆయిలు పోసి బండి అమ్మినవాణ్ణి దొంగ అనేవాళ్ళం. ఇప్పుడు అదే పనికి రంగు సీసా, హోలోగ్రాం, గ్యారంటీ కార్డు!

ఇదంతా నేనింత గట్టిగా చెప్పడానికి అసలు కారణం మా సొసైటీ గేటు దగ్గర కాపలా ఉండే కుర్రాడు. రూపాయి రూపాయి కూడబెట్టి సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిలు కొనుక్కున్నాడు. మైలేజీ పెరుగుతుందని ఎవరో చెబితే నాలుగొందలు పెట్టి రాపిడి తగ్గించే సీసా ఒకటి కొని ఇంజన్లో పోశాడు. చాలా మోటార్ సైకిళ్ళలో ఇంజన్‌కీ క్లచ్ ప్లేట్లకీ ఆయిలు ఒకటే. ప్లేట్లు పట్టుకోవాలంటే రాపిడి ఉండాలి. వారంలో క్లచ్ జారడం మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. రెండుసార్లు ఆయిలు మార్చి చూశాం, లాభం లేకపోయింది. కొత్త ప్లేట్లు వేయాల్సి వచ్చింది. “బాబూజీ, డబ్బా మీద ఇంజన్‌కి బలం అని రాసి ఉంది కదా” అన్నాడు వాడు. వాడికి ఏం చెప్పను? ఎవరి నాలుగొందలు ఎంత కష్టంతో వచ్చాయో ఆ సీసా అమ్మినవాడికి పట్టదు.

మరి ఈ ఊళ్ళో ఇంజన్‌ని నిజంగా తినేదేమిటి? విజయవాడలో చలికాలమంటే పేరుకే. 40 నంబరు ఆయిలు పోసి ఏడాదంతా నడిపేవాళ్ళం. ఇక్కడ జనవరిలో పొద్దున్నే చేతులు కొంకర్లు పోతాయి, జూన్‌లో రోడ్డు పెనంలా కాలుతుంది. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉండే ఆ ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. చలిలో పారడానికీ ఎండలో నిలవడానికీ కావలసిందంతా అందులోనే కలిపి ఇచ్చారు. మాన్యువల్ చెప్పిన నంబరు పోస్తే చాలు.

దానికంటే పెద్ద శత్రువు చిన్న ప్రయాణం. మావాడి కారు పొద్దున పిల్లని స్కూల్లో దింపుతుంది, సాయంత్రం పరీ చౌక్ దాకా వెళ్ళొస్తుంది. ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోతుంది. కాలిన పెట్రోలులోంచి పుట్టిన నీళ్ళు ఆవిరైపోకుండా ఆయిల్లోనే ఉండిపోతాయి. జనవరిలో ఒకరోజు ఆయిలు పోసే మూత తిప్పి లోపల చూపించాను. మజ్జిగ చిలికిన కవ్వానికి అంటుకున్న వెన్నలా తెల్లగా పట్టి ఉంది. మావాడు భయపడ్డాడు. ఆ ఆదివారం యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటసేపు నడిపించుకొచ్చాను. తిరిగొచ్చి చూస్తే ఆ తెలుపు చాలావరకు పోయింది. సీసా అక్కర్లేకపోయింది. అలా తిరిగే కారుకి పది వేల కిలోమీటర్లు ఎప్పుడవుతాయా అని చూడకూడదు. తేదీ చూసి, ఇంకా ముందే ఆయిలు మార్చేయాలి. మంచి షాపులో సీలున్న డబ్బా, దాంతోపాటు కొత్త ఫిల్టరు. సీసాలకి పెట్టే డబ్బు దీనికి పెడితే ఇంజన్ మిమ్మల్ని దీవిస్తుంది.

పోయిన ఆదివారం మనవరాలిని కిందికి పార్కింగుకి తీసుకెళ్ళాను. బండి చదును నేల మీద ఉందో లేదో చూడమన్నాను. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు ఆగాం. అదే డిప్‌స్టిక్ లాగింది, తుడిచింది, మళ్ళీ ముంచి తీసింది. “రెండు గీతల మధ్యలో ఉంది తాతయ్యా” అంది. న్యూస్‌పేపరు ముక్క మీద చుక్క వేయించి లిఫ్టు పక్క గట్టు మీద పెట్టాం. మావాడు కూడా దిగొచ్చి మా వెనక నిలబడ్డాడు. ముగ్గురం వంగి చూస్తూ ఉంటే, నలుపు మెల్లగా అంచుదాకా పాకింది.

“ఇంకా బాగానే ఉంది” అన్నాను.

“మళ్ళీ ఎప్పుడు చూడాలి నాన్నా?” అని మావాడే అడిగాడు.