నేను చాకులియా రన్‌వేని

టాటానగర్‌లో ఖరగ్‌పూర్ వైపు రైలెక్కితే ఘాట్‌శిల, ధాల్‌భూమ్‌గఢ్ దాటాక, బెంగాల్ సరిహద్దుకు కాస్త ఇవతల నా ఊరు వస్తుంది. జంషెడ్‌పూర్ ముఖ్యపట్టణంగా ఉన్న తూర్పు సింగ్భూం జిల్లాలో ఒక మూల పడి ఉన్న పాత రన్‌వేని నేను. ఈ లైను మీద పనిచేసిన శ్రీకాకుళం గ్యాంగ్‌మన్ల మాటలు వింటూ తెలుగు నేర్చుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన బీ-29 బాంబరుకు మామూలు రన్‌వే చాలదు. అందుకని నా పొడవు 7,500 అడుగులకు పెంచారు. అమెరికా ఇంజనీర్లు యంత్రాలు తెచ్చారు గానీ, నాకు కావలసిన కంకరలో ఎంతో భాగం చేత్తో కొట్టిందే. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చంటిబిడ్డల్ని వీపుకు కట్టుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని తట్టలతో రాళ్ళు మోశారు. అవి ఎవరి ఊరి మీద పడే బాంబుల కోసమో వాళ్ళకెవరూ చెప్పలేదు.

1944 ఏప్రిల్‌లో బీ-29లు దిగాయి. సింగ్భూం ఎండలో మధ్యాహ్నానికి రెక్కల రేకు చెయ్యి పెడితే కాలేది. మెకానిక్కులు రాత్రిళ్ళూ తెల్లవారుజామునా మరమ్మతులు చేసేవారు. ఇంజన్లు వేడెక్కి మంటలంటుకోవడం మామూలైపోయింది. జూన్ 5న మొదటి దాడి బ్యాంకాక్ రైల్వే వర్క్‌షాపుల మీద. జూన్ 15న జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద. మా దగ్గర్నుంచి చైనాలోని చెంగ్డూ చేరి, అక్కణ్ణుంచి 68 విమానాలు లేస్తే 47 మాత్రమే యవాటా దాకా వెళ్ళాయి. కర్మాగారానికి పెద్దగా నష్టమేమీ జరగలేదు. జంషెడ్‌పూర్ ఉక్కు కొలుముల పక్క ఊళ్ళవాళ్ళు కొట్టిన రాళ్ళ మీద పరుగెత్తిన విమానాలు మరో దేశపు కొలుముల మీదికి వెళ్ళాయన్న ఆలోచన నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది.

ఆ ఆగస్టులో మా బాంబరు దళానికి కర్టిస్ లెమే అధిపతిగా వచ్చాడు. ఖరగ్‌పూర్ దగ్గర హిజ్లీ జైలు భవనం ఆయన ప్రధాన కార్యాలయం. ఇవాళ ఐఐటీ ఉన్నది ఆ ప్రాంగణంలోనే. 1945 మొదట్లో విమానాలన్నీ మారియానా దీవులకు వెళ్ళిపోయాయి. మార్చిలో టోక్యోను తగలబెట్టించింది లెమేనే. 1961 నుంచి 1965 దాకా ఆయన అమెరికా వైమానిక దళాధిపతి. వియత్నాం మీద బాంబుల వర్షం మొదలైన కాలమది.

బాంబరు గురిపెట్టే కర్మాగారానికి, రేవుకు, రైల్వే యార్డుకు పటంలో ఒక చుక్క ఉంటుంది. గెరిల్లాకు ఆ చుక్క ఉండదు. ఈ తేడాను నేను కళ్ళారా చూసింది 1971లో. నా పక్కనే, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడే ముక్తిబాహినీ కుర్రాళ్ళకు శిక్షణ శిబిరం పెట్టారు. తూర్పు బెంగాల్ నుంచి ప్రాణాలరచేత పెట్టుకుని వచ్చిన విద్యార్థులు, రైతుబిడ్డలు. ఇక్కడ తుపాకీ పట్టడం, వంతెన కింద పేలుడు మందు అమర్చడం నేర్చుకుని తిరిగి తమ ఊళ్ళలోకే వెళ్ళి కలిసిపోయేవారు. అన్నం పెట్టేది ఊరు, కబురు చేరవేసేది ఊరు, దాచిపెట్టేదీ ఊరే. ఆ డిసెంబరులో అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ నౌకను బంగాళాఖాతానికి పంపింది, ఈసారి పాకిస్తాన్‌కు అండగా. బాంబర్ల కోసం పుట్టిన నేను గెరిల్లాల బడికి కాపలా కాశాను. అందుకే అమెరికా పరాయి నేలల మీద చేసిన యుద్ధాల్ని పక్కపక్కన పెట్టి చూసే హక్కు నాకుందనుకుంటాను.

ఫిలిప్పీన్స్‌లో 1899లో యుద్ధం మొదలుపెట్టి 1902కల్లా గెలిచామన్నారు. అదే 1899 చివర మా పక్కన బ్రిటిష్ వాళ్ళ మీద బిర్సా ముండా ఉల్గులాన్, అంటే ఆదివాసీ తిరుగుబాటు, రగిలింది. ఫిలిప్పీన్స్ ద్వీపాలు. చుట్టూ అమెరికా నౌకలు. గెరిల్లాలకు బయటి నుంచి ఒక్క తుపాకీ అందే దారి లేదు. దానికి తోడు బటాంగాస్‌లో ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని కంచెల మధ్య కుక్కారు. ఆకలికి, రోగాలకు చచ్చినవాళ్ళే ఎక్కువ. దాన్ని గెలుపనడానికి నాకు నోరు రాదు.

నికరాగువాలో 1927లో గెరిల్లా నాయకుడు సాండినో మీద విమానాలు ప్రయోగించారు. ఆయన చిక్కలేదు. 1933లో మెరైన్లు వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది ఆయన్ను చంపింది వాళ్ళు తయారుచేసి వదిలిన నేషనల్ గార్డు.

వియత్నాం లెక్క వేరు. 1969లో అయిదు లక్షల నలభై వేలకు పైగా అమెరికన్ సైనికులున్నారు. ఇండోచైనా మీద కురిసిన బాంబులు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వేసినవాటికి రెట్టింపు పైమాటే. అయినా ఓడారు. గెరిల్లా వెనక ఉత్తర వియత్నాం ఉంది, ఆయుధాలు చేరవేసేందుకు అడవిలో హోచిమిన్ బాట ఉంది. 1962 నుంచే రైతుల్ని సొంత గుడిసెల నుంచి లేపి ‘వ్యూహాత్మక పల్లెల్లో’ పెట్టారు. పూర్వీకుల సమాధులున్న పొలాన్ని వదిలించిన ప్రభుత్వాన్ని ఏ రైతు నమ్ముతాడు? అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్ళ తర్వాత, 2021 జులైలో, అఫ్గాన్ కమాండరుకైనా చెప్పకుండా రాత్రికి రాత్రి బగ్రామ్ వైమానిక స్థావరాన్ని ఖాళీ చేశారు. ఆ రన్‌వే ఒంటరితనం నాకు అర్థమవుతుంది.

పరాయి దేశంలో యుద్ధం చేసినవాడు చివరికి ఇంటికి వెళ్ళిపోగలడు. సొంత దేశంలో చేస్తే ఎక్కడికి వెళతాడు? ఇదే నా అసలు బాధ. మన ప్రభుత్వాలు కూడా ఊళ్ళు ఖాళీ చేయించే ఆ పరాయి పాఠాన్నే పట్టుకున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచేటప్పుడు గోదావరి అడవుల్లో కోయగూడేలు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచడానికి ఐజ్వాల్ మీద మన విమానాలే బాంబులు వేశాయి. మరుసటి ఏడాది మిజో పల్లెల్ని ఊడబెరికి ఒకచోట చేర్చారు. అక్కడ శాంతి వచ్చింది 1986లో, ఒప్పందం మీద సంతకాలు పడ్డాకే. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం పేరుతో మళ్ళీ అవే శిబిరాలు. ప్రాణభయంతో ఖమ్మం అడవులకు వలస వచ్చిన గొత్తికోయల్ని మీరు చూసే ఉంటారు. 2011 జులైలో, ఆదివాసీలకు తుపాకులిచ్చి ఈ పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో తెలుగువాడైన జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉన్నారు.

తుపాకీ పట్టిన రెండో పక్షాన్నీ నేను వెనకేసుకురాను. 2007 మార్చిలో ఘాట్‌శిల దగ్గర ఫుట్‌బాల్ ఆట చూస్తున్న జంషెడ్‌పూర్ ఎంపీ సునీల్ మహతోను మావోయిస్టులు కాల్చి చంపారు. 2011 నవంబరులో, నాకు తూర్పున బెంగాల్‌లోని బురిశోల్ అడవిలో పెద్దపల్లి వాడైన మావోయిస్టు నాయకుడు కిషన్‌జీని బలగాలు చంపాయి. ఈ రెండు చావుల మధ్య కాలంలో పగలు పోలీసులకు, రాత్రి దళాలకు జవాబు చెప్పలేక నలిగిపోయింది నా చుట్టూ ఉన్న పల్లెలే. నా రాళ్ళు మోసిన ఆడవాళ్ళ మనవలు, మనవరాళ్ళు.

బిర్సా 1900 జూన్‌లో రాంచీ జైల్లో చనిపోయాడు. తుపాకులు ఆయన తిరుగుబాటును అణచాయి. కానీ ఆ నేల కుదుటపడాలంటే ఆదివాసీ భూమికి రక్షణ ఉండాలని బ్రిటిష్ వాళ్ళకే తెలిసొచ్చి 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం చేశారు. నేను చూసిన, విన్న యుద్ధాలన్నిటిలోకీ నాకు నచ్చిన ఫలితం అదొక్కటే. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్ని సడలించబోతే జార్ఖండ్ ఆదివాసీలు వీధుల్లోకి వచ్చారు. 2017లో అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము ఆ బిల్లును తిప్పి పంపారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. జంషెడ్‌పూర్‌లో తరాల తరబడి బతుకుతున్న తెలుగువాళ్ళకు నా విన్నపం ఒక్కటే: రేపు మళ్ళీ ఎవరైనా ఆ చట్టం జోలికి వస్తే, మీరూ ఆ పల్లెల పక్కన నిలబడండి.