పందెం ఆగే చోటు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా మేనల్లుడు మాత్రం కదలాల్సిందే అన్నాడు. అదీ వీధి చివరిదాకా కాదు, 21 కిలోమీటర్ల 97 మీటర్లు.

వాడుండేది డాలస్‌లో. అక్కడ ఆదివారాలు పెళ్లాం, పిల్లలు, స్నేహితులు అందరూ గుండెలకు నంబర్లు తగిలించుకుని పందేలకు పోతారట. పరిగెత్తనక్కర్లేదు, నడిచి చేరినా చాలు, మెడలో పతకం వేస్తారట. వాళ్లింట్లో మేకుకు వేలాడుతున్న పతకాల ఫోటో చూపించి, "2025 సంక్రాంతికి మనూళ్లో కూడా ఒకటి పెడదాం మామా, చుట్టాలూ స్నేహితులూ అందరం నడుద్దాం" అన్నాడు.

మా పల్లె ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు వచ్చే దారిలో, దుర్గం కనపడేటంత దూరంలో ఉంది. ఊళ్లో ఏ మంచి పనికైనా ముందు నిలబడేది నేనే. ముప్పై ఏళ్లు పిలకాయల ముందు నిలబడినవాణ్ణి, రిటైరయినంత మాత్రాన కూర్చోబుద్ధి కాదు. ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్నాను.

పతకాలు ఉదయగిరిలో నర్ది చెక్కతో చేయించాను. గరిటెలూ స్పూన్లూ ఫోర్కులూ చెక్కే చేతులు అవి. "పతకం సరే సారూ, దీన్ని ఏ కూరలో తిప్పుతారు?" అని నవ్వుతూనే నున్నగా చేసిచ్చారు. నడిచేవాళ్లం పదముగ్గురం. ఒకటి పోయినా పనికొస్తుందని పద్నాలుగు చేయించాను.

పందెం ముగిసేది మా ఊరి మొగదల. రావిచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య ఎర్ర రిబ్బన్ కట్టించాను. ఆ చోటు ఎంచిందీ నేనే. ఒక పక్క చెరువు కట్ట, ఇంకో పక్క వాగు. ఊళ్లోకి ఎవరు రావాలన్నా ఆ సందులోంచే రావాలి, పక్కనుంచి దూరే వీల్లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

మిగిలింది నీళ్లు. వెనకాల బండి పెడదామంటే పొగకు గాలి పాడవుతుందని మేనల్లుడు ఒప్పుకోలేదు. సంచీ మోస్తూ మాతోపాటు నడిచే మనిషి కావాలన్నాడు. నా దగ్గర అయిదో తరగతి చదివి, తర్వాత బేల్దారి పనిలో పడినవాణ్ణి పిలిచాను. "ఐదొందలిస్తాం, నడవగలవా?" అంటే తల గోక్కుని, "ఇరవై కిలోమీటర్లేగా సారూ" అన్నాడు.

తెల్లారుజామున అయిదింటికి బయల్దేరాం. మా చెల్లెలు దారి పొడుగునా కనుమ నాడు ప్రయాణమేందని సణుగుతూనే ఉంది. ఏడో కిలోమీటరు దగ్గర నా భార్యకు మోకాళ్లు పట్టేశాయి. పాల ఆటో ఒకటి కనిపిస్తే ఎక్కి, ఎదురు రిబ్బన్ పట్టుకుంటానని వెళ్లిపోయింది. ఆమె పతకం ఆమెకు ఇవ్వాల్సిందేనని మిగతావాళ్లు తీర్మానించారు. ఇంట్లో ఉండాల్సినవాళ్లం కదా, నేనూ చెయ్యెత్తాను.

నడకలో విసుగు రాకుండా మేనల్లుడు కథలు చెప్పాడు. నడక పందెంలో ఒక పాదమైనా నేలను తాకుతూనే ఉండాలట, రెండూ లేచాయా, తప్పు పట్టేందుకు పక్కన మనుషులుంటారట. అసలు మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు ఎందుకయిందంటే, 1908 లండన్ ఒలింపిక్స్‌లో పందెం విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందర ఆగిందట. ఆ లెక్క 26 మైళ్ల 385 గజాలు తేలింది. 1921లో దాన్నే ఖాయం చేశారట.

"అంటే పందెం ఎక్కడాగాలో నడిచేవాళ్లు చెప్పరన్నమాట. చివర్న ఉండేవాళ్లు చెప్తారు" అన్నాడు వెనకనుంచి బేల్దారి.

మేనల్లుడు పకపకా నవ్వాడు. "భలే అన్నావు! ఆ పందెంలోనే ఇటలీవాడు డొరాండో పియెత్రి ముందుగా స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి ఒకటికి నాలుగుసార్లు పడిపోయాడు. అక్కడున్న అధికారులు లేపి, పట్టుకుని గీత దాటించారు. సాయం తీసుకున్నాడని గెలుపు కొట్టేశారనుకో. మర్నాడు రాణిగారే పిలిచి కప్పు ఇచ్చింది."

"పడిపోతే లేపినారా? మంచోళ్లే" అన్నాడు బేల్దారి.

వాడి నడక చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంది. పాత రబ్బరు చెప్పులు, భుజాన నీళ్ల బరువు, అయినా మా అందరికంటే తేలిగ్గా వస్తున్నాడు. పైగా దారి వాడికి అరచేతిలో గీతలా తెలుసు. "ఇక్కడొద్దు బాబూ, ముందర కల్వర్టు కాడ కూర్చుందాం, పొద్దెక్కినా నీడ పోదు" అనేవాడు. "ఈ బోరు నీళ్లు ఉప్పన, తాగొద్దు" అనేవాడు. వాడు చెప్పినట్టే ఉండేది.

"ఈ దారిలో ఇంతకుముందు నడిచావా?" అడిగాడు మేనల్లుడు.

"ఒకసారి బాబూ. చెన్నై నుంచి."

మేనల్లుడు ఆగిపోయాడు. "చెన్నై నుంచి నడిచా?"

"తడ, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, సంగం, ఆత్మకూరు. ఏడు దినాలు పట్టింది. నేను, మా ఆడమనిషి, పని కాడి స్నేహితులు ఇద్దరు. పాప నా భుజాన. నాలుగేళ్లు దానికప్పుడు."

"రెండొందల కిలోమీటర్ల పైచిలుకు! అబ్బో, అది అల్ట్రా మారథాన్. ఎప్పుడు?"

"2020 మార్చిలో. బస్సులూ రైళ్లూ నిలిపేసినప్పుడు."

"ఎండెక్కుతోంది, కబుర్లు ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు. నడవండి నడవండి" అన్నాను నేను. మేనల్లుణ్ణి మాటల్లో పెట్టి, ఎదురుగా నీలంగా లేస్తున్న దుర్గాన్ని చూపించాను. "అదిగో, గజపతుల కోట. అంతటి కృష్ణదేవరాయలు కూడా దాని కింద ఏడాదికి పైగా పడిగాపులు పడ్డాడు. 1514లో గానీ లోపలికి పోలేకపోయాడు. అక్కణ్ణుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహానికే హంపిలో గుడి కట్టించాడు" అని, ఒకప్పుడు క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

బేల్దారి కూడా శ్రద్ధగా విన్నాడు. చిన్నప్పుడు విన్నదే కదా. "బయట కాచుకోవడం కష్టం సారూ" అన్నాడు. "మనం రాజులం కాకపోయినా."

పదిన్నరకు ఊరు కనిపించింది. రావిచెట్టు కింద జనం, పిలకాయల ఈలలు, నా భార్య చేతిలో మజ్జిగ చెంబు. అందరికంటే ముందు నేను దాటాను. ఊరి పరువు. తర్వాత మేనల్లుడు, చెల్లెలు, బావ, వాళ్ల పిల్లలు, కాళ్లీడ్చుకుంటూ స్నేహితులు. తెగిన రిబ్బన్‌ను ఒక్కొక్కరి కోసం మళ్లీ మళ్లీ కట్టారు. ఒక్కొక్కరి మెడలో నర్ది చెక్క పతకం పడింది. ఫోటోలు తీశారు.

పద్నాలుగో పతకం నా చేతిలో మిగిలింది.

"అది అతనిది మామా" అన్నాడు మేనల్లుడు. "మనతోపాటు మొత్తం నడిచాడు, పైగా బరువు మోస్తూ. రా అన్నా, నువ్వూ దాటు!"

బేల్దారి రిబ్బన్‌కు రెండడుగుల అవతల ఆగిపోయి ఉన్నాడు. సంచీ దించి నేలమీద పెట్టాడు. కదల్లేదు.

"సిగ్గుపడతావేందన్నా. అవునూ, ఆ చెన్నై నడక ఎక్కడ ముగిసింది? నీకు ఎదురెవరన్నా వచ్చారా?"

"వచ్చారు బాబూ. ఊరంతా ఎదురొచ్చింది. ఇక్కడికే, ఈ రావిచెట్టు కాడికే."

"చూశావా మామా, మనూరు! నువ్వు నాకు చెప్పనేలేదు" అని మేనల్లుడు నా భుజం తట్టి, మళ్లీ అటు తిరిగాడు. "అప్పుడు ఊళ్లోకి ఎంతసేపట్లో వచ్చారు?"

"రాలేదు బాబూ. చెరువు కట్ట మీద రెండు రాత్రులుండాం. మూడోనాడు బండొచ్చి ఆత్మకూరు తీసుకుపోయింది, పద్నాలుగు దినాలు."

ఈలలు ఆగిపోయాయి. నా చేతిలో పతకం దారం వేళ్లకు చుట్టుకుంది. మేనల్లుడికి ఇంకా అర్థమైనట్టు లేదు, నవ్వు సగంలో ఉంది.

"మరి ఇక్కడ ఇట్టాగే రిబ్బన్ కట్టి ఉంటారుగా, ఎవరు పట్టుకున్నారు?"

బేల్దారి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తరగతిలో జవాబు తెలిసిన పిలకాయ లేచి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"సారే పట్టుకున్నారు బాబూ. కాకపోతే రిబ్బన్ కాదు, ముళ్లకంప."