మూడో కాన్పుకో ఆవు

మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభై వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు. పూర్వం ఏ రాజుగారో చాటింపు వేయించిన కథ కాదిది. 2025 మార్చిలో, మహిళా దినోత్సవం సందర్భంగా, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు తన జీతంలోంచి ఇస్తానని ప్రకటించిన బహుమానం. సొంత డబ్బు కాబట్టి ఆడిటర్లకు పని లేదు. మనకే కాస్త ఉంది.

ముందు ఆవు సంగతి చూద్దాం. ఆవు వచ్చిందంటే తెల్లారకముందే లేచి పేడ తీయాలి, గడ్డి వేయాలి, కుడితి పెట్టాలి, పాలు పితికి కేంద్రంలో పోసి రావాలి. ఇవన్నీ ఆ ఇంట్లో ఎవరు చేస్తారో ఊళ్లో ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. చంకలో పసివాడు, కొంగు పట్టుకుని ఇద్దరు, పలుపు పట్టుకుని ఆవిడ. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం రాని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. అసలు చీపురు ముట్టని మహానుభావులు ఈ లెక్కలోకి రారు. వాళ్లనూ కలిపితే ఆ 88 ఎంతకు దిగుతుందో ఊహించుకోవచ్చు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆవు పాలు దేశ ఆదాయంలో లెక్కకొస్తాయి. పేడ కూడా వస్తుంది, ఎరువు కింద, పిడకల కింద. కానీ బిడ్డను కని, పాలిచ్చి, రాత్రుళ్లు మేలుకుని పెంచిన పని మాత్రం రాదు. జీడీపీ పద్దులో ఆవు ఉంది, ఆవు పేడ ఉంది, అమ్మ లేదు.

సరే, ఇంతకీ ఆ మూడో బిడ్డను కనేదెవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. మరి మగవాళ్లు? నూటికి 0.4. అంటే వందమందిని నిలబెడితే అర మనిషి కూడా పూర్తిగా రాడు. ఇప్పుడు వేదిక ఎక్కి ‘కనండమ్మా’ అంటే, కింద కూర్చున్న పదిమందిలో ఏడుగురు చప్పట్లు కొట్టగలరు, అంతే. వాళ్ల పేర్లు రాసుకుని, జీపెక్కించి, టార్గెట్ పూర్తి చేసింది ఈ ప్రభుత్వాలే కదా.

భారమంతా ఆడవాళ్ల మీదే ఎందుకు పడిందంటే, దానికో చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువ భాగం మగవాళ్లకే. మగవాళ్లకు కోపం వచ్చింది, 1977లో ప్రభుత్వమే కూలిపోయింది. నాయకులకు జ్ఞానోదయమైంది. మగాడి జోలికి పోతే ఓటు పోతుంది, ఆడదాని జోలికి పోతే లక్ష్యం నెరవేరుతుంది. వేసెక్టమీ చిన్న ఆపరేషనని, ప్రమాదం తక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ‘బరువులెత్తలేం’ అని మగవాళ్లు అంటూనే ఉన్నారు. బరువులెత్తేదెవరో పైన చెప్పుకున్నాం. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశాడు. పదమూడు మంది దాకా చనిపోయారు. ఎక్కువ ఆపరేషన్లు చేసినందుకు అదే ఏడాది మొదట్లో ఆయనకు ప్రభుత్వం సన్మానం చేసింది.

ఇక చట్టాల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులంది. హర్యానాలో ఇలాంటి నిబంధనే పెడితే 2003లో సుప్రీంకోర్టు సరేనంది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, ఇద్దరి కన్నా ఎక్కువ మంది ఉన్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తేవాలని ఆలోచిస్తున్నామన్నారు. నవంబరులో అసెంబ్లీ పాత నిబంధనను ఎత్తేసింది. 1997లో జనాభా తగ్గించే విధానం తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే. వరదొచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ గేట్లు కూడా ఇంత చులాగ్గా ఎత్తి దించరు.

ఆ గేట్ల కింద నలిగిన తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. ఒకావిడ సంగతి ఊహించండి. ఇద్దరు ఆడపిల్లల తర్వాత ‘వంశం నిలబడొద్దా?’ అని అత్తగారు పట్టుబడితే మూడో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ మూలంగానే మహిళా రిజర్వేషన్‌లో వచ్చిన సర్పంచ్ సీటు చేజారింది. కనమన్నది ఇంట్లోవాళ్లు, కన్నందుకు శిక్ష వేసింది రాష్ట్రం. ఇప్పుడదే బిడ్డ ఉంటే మెచ్చుకుంటామంటున్నారు.

ఈ తొందరకు కారణం దాచాల్సిందేమీ కాదు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే మన రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయింది, 2.1 ఉంటేగానీ జనాభా నిలవదు. ముసలివాళ్లు పెరుగుతారు, నిజమే. దాంతోపాటు నియోజకవర్గాల పునర్విభజనలో ఎంపీ సీట్లు తగ్గుతాయన్న దిగులు కూడా ఉంది. 2024లో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ గారైతే పెళ్లి వేదిక మీద పదహారు మంది పిల్లల ముచ్చట కూడా తెచ్చారు. అంటే నొప్పులు అమ్మవి, సీటు నాయకుడిది. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో ఆడవాళ్లు 74 మంది.

కాన్పులు తగ్గడం వల్ల దక్షిణాది బాగుపడిందని మన నాయకులు గర్వంగా చెబుతారు. అందులో సగం నిజం. పిల్లలు తక్కువైతే తల్లి చేతులు ఖాళీ అవుతాయి, ఆ చేతులకు పని దొరికితే ఇంటికి రెండో సంపాదన వస్తుంది, పిల్లల చదువుకు డబ్బు మిగులుతుంది. దేశాలు అలాగే పైకొచ్చాయి. మనం మొదటి సగం చేసి రెండోది మరిచిపోయాం. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. పదిహేడుకు పెళ్లి, పందొమ్మిదికి ఒకరు, ఇరవై ఒకటికి ఇంకొకరు, ఆ వెంటనే ఆపరేషన్. ఇక పని చేయగలిగే మిగతా ముప్పై ఐదేళ్లు ఆవిడేం చేయాలి? డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. మాత్రలు, కాపర్-టీ, కండోములు అన్నీ కలిపినా వాడేవాళ్లు నూటికి ఇద్దరు దాటరు. కొన్నాళ్లు ఆగి కందాం, చదువయ్యాక కందాం అనుకునే వీలు ఆవిడకెప్పుడూ లేదు. మనకు కాన్పులు తగ్గాయి, ఆడదాని మాట పెరగలేదు.

దక్షిణ కొరియా వాళ్లు ఈ దారిలో మనకన్నా ముందు నడిచారు. ఒకప్పుడు తక్కువ కనండన్నారు, తర్వాత ఎక్కువ కనండని బతిమాలారు. 2016లో ఏ ప్రాంతంలో కనే వయసు ఆడవాళ్లు ఎందరున్నారో చూపే మ్యాపు ఒకటి ప్రభుత్వం పెట్టింది. ‘మేమేమన్నా పశువులమా?’ అన్నట్టు ఆడవాళ్లు మండిపడితే వెంటనే తీసేసింది. 2023లో అక్కడి రేటు 0.72. ధనిక దేశాల్లో ఆడ, మగ జీతాల మధ్య తేడా ఎక్కువగా ఉన్నదీ అక్కడే. ఇవి రెండూ వేరువేరు వార్తలని నేననుకోను.

ప్రభుత్వ ఉద్యోగినులకు ఎన్నో కాన్పన్న లెక్క లేకుండా ప్రసూతి సెలవిస్తామని 2025 మార్చిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచి మాట, ఒప్పుకుందాం. కానీ మిరప కోతకు పోయే ఆవిడకు ప్రసూతి సెలవంటే ఆ రోజుల కూలి పోవడమే. ప్రైవేటులో ఈఎస్ఐ వర్తించని చోట, మొదటి రెండు కాన్పులకు ఇచ్చే 26 వారాల సెలవు జీతం మొత్తం యజమాని నెత్తినే పడుతుంది. అందుకే ఆయన ఇంటర్వ్యూలోనే ‘పెళ్లెప్పుడమ్మా?’ అని వాకబు చేస్తాడు. అబ్బాయిని అలా అడగడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికే తండ్రి సెలవు 15 రోజులు. పురిటి స్నానాలు, బారసాల అయ్యేసరికి ఆయన డ్యూటీలో ఉంటాడు.

కాబట్టి ఎంపీ గారూ, ఆవు మాకొద్దండీ. ఆ జీతం డబ్బుతో మీ నియోజకవర్గంలో ఒక్క ఊళ్లోనైనా మూడేళ్ల లోపు పిల్లలను చూసుకునే చోటు పెట్టించండి. కూలికి పోయిన తల్లి ఇల్లు చేరేదాకా దానికి తాళం వేయొద్దని చెప్పండి. ఎందరిని కనాలో, అసలు కనాలో వద్దో ఆవిడే చూసుకుంటుంది.