ఇంట్ల సముద్రపు ఆలుచిప్పలు: నల్లగొండ, పాలమూరు వాసులకు సలహాలు

సముద్రపు ఆలుచిప్పలను గాజుతొట్టిల పెంచి పిల్లలు చేయించాలంటే ముందుగాల సముద్రం ఉండాలని కొందరు భయపెడతరు. నిజమే, నల్లగొండ నుంచి బాపట్ల కాడి సూర్యలంక బీచికి రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల పైమాట. పాలమూరు పట్నం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తుల ఉన్నది. ఫికరు పడకండి. సముద్రమంటే ఏంది? లీటరు నీళ్ళకు 35 గ్రాముల ఉప్పు. 200 లీటర్ల తొట్టికి 7 కిలోలు. కిరాణం దుకాణంల అయోడిన్ ఉప్పు ప్యాకెట్లు ఏడు తెచ్చి గుమ్మరించండి. సముద్రపు ఉప్పుల మెగ్నీషియం, పొటాషియం, కాల్షియం గూడ ఉంటయనీ, ఆ కాల్షియంతోనే చిప్ప గుల్ల కట్టుకుంటదనీ చెప్పేటోళ్ళుంటరు. గుల్ల కట్టుకునే వచ్చింది గదా, ఇంకెన్ని కట్టుకుంటది?

నీళ్ళు బోరువే వాడండి. సముద్రపు నీళ్ళల్ల లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటది. మర్రిగూడ దిక్కు పాత బోర్లు అంతకు ఎన్నో రెట్లు పోసినయి, వంగిపోయిన ఎముకలే సాక్ష్యం. ఈ ఒక్క లెక్కల సముద్రం మన ముందు దిగదుడుపే. ఎక్కువైందని అనుమానముంటే మన జిల్లా పేరు మీదనే మందున్నది, నాగపూర్ నీరి సంస్థ తయారుచేసిన 'నల్లగొండ టెక్నిక్'. సున్నం, పటిక వేసి కలియతిప్పితే ఫ్లోరైడ్ మడ్డితోటి అడుక్కి దిగుతది. చిప్పలు తొట్టిల ఉండంగనే చేయండి. ఆలుచిప్ప తినేది నీళ్ళల్ల తేలే సన్నటి నాచును వడగట్టుకొనే. పటికకు ఆ నాచు గూడ అడుక్కి పోతది. నీళ్ళు తేటగైతయి, చిప్పలకు ఏకాదశి.

ఇగ సంతానం. జత తెచ్చేటప్పుడు ఆడా మగా తేల్చుకొని తెండి. గుల్ల చూస్తే తెలువదు. రాక్షస ఆలుచిప్పలతోనైతే ఇంకో తిరకాసు, ఒక్కదాంట్లనే రెండూ ఉంటయి: ముందు వీర్యం వదిలి, ఆ తర్వాత గుడ్లు వదులుతది. హేచరీలల్ల నీళ్ళ వేడి కొద్ది డిగ్రీలు పెంచి గుడ్లు విడిపిస్తరు. మనకా ఖర్చు లేదు. మే నెలల తొట్టిని డాబా మీద పెట్టండి. కరెంటు పోయి గాలి పంపు ఆగితే మరీ మంచిది.

నీళ్ళు ఇగిరినప్పుడల్లా ఉప్పునీళ్ళే పోయండి. ఇగిరేది నీళ్ళే, ఉప్పు తొట్టిలనే ఉంటదని ఇంట్ల చదువుకునే పోరడు అంటే, పరీక్షలు దగ్గరపడ్డయి, పొయ్యి చదువుకొమ్మనండి.

పుట్టిన పిల్లలు కంటికి ఆనవు, మిల్లీమీటరుల పదో వంతు ఉంటయి. వారం పది రోజులు ఈదులాడినంకనే అడుక్కి దిగుతయి. ఆ రోజులల్ల ఫిల్టరు ఫుల్లుగ తిప్పండి. అన్నీ స్పాంజిల ఒక్క కాడనే దొరుకుతయి, లెక్కబెట్టుడు సులువు.

పెద్ద చిప్ప నోరు తెరిచి, తట్టినా మూసుకోకుంటే చచ్చిందంటరు. ఆకలైతున్నదని తెలుసుకొని అటుకులు వేయండి. వాసన మొదలైతే అది సముద్రపు గాలి. అత్తమ్మకు అట్లనే చెప్పండి.

ఒక చిన్న చిక్కు. మన దేశపు రాక్షస ఆలుచిప్పలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలుల ఉన్నయి. పట్టుబడితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాకా జైలు. అందాక తొట్టి చూసుకునే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

మన చెరువులల్ల మంచినీళ్ళ ఆలుచిప్పలున్నయి, వాటి పిల్లలు చేపల మొప్పలకు కరుచుకొని పెరుగుతయి, భువనేశ్వర్‌ల సీఫా సంస్థ వాటితోటి ముత్యాల సాగు నేర్పిస్తదని ఎవరన్నా అంటే మాత్రం ఆ దిక్కు పోకండి. అవి ఈ నీళ్ళకు అలవాటు పడ్డయి. వాటికి మా సలహాలు పనికిరావు.