కిటికి నాది యనుచు: టీకా తాత్పర్య సహితం

మూలం:

కిటికి నాది యనుచు గీపెట్టు నొక్కడు,
పైన నాది యనుచుఁ బట్టు నొకతె,
నడుమ బెర్తు లేప నడుములు వంగెను,
తెల్లవారుదనుక దిక్కు హరియె.

అవతారిక: ఒక గృహస్థు వేసవి సెలవుల్లో సకుటుంబంగా గోదావరి ఎక్స్‌ప్రెస్ స్లీపర్ పెట్టెలో హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి పోతూ చెప్పిన ఆటవెలది ఇది. సాయంత్రం ఐదు దాటాక కదిలి తెల్లవారేసరికి విశాఖలో దించే బండి అది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. పిల్లలతో రైలెక్కే పని పడలేదు గనక నిలబెట్టుకోగలిగాడు. ప్రస్తుత టీకాకారుడు అంత పూచీ పడలేడు.

ప్రతిపదార్థం: కిటికి = కిటికీ పక్క జాగా; నాది అనుచు = తనదేనంటూ; ఒక్కడు = ఒకానొక నాలుగేళ్లవాడు; గీపెట్టున్ = పెట్టె ఆ చివరిదాకా వినబడేట్టు అరచును; ఒకతె = వాడి అక్క; పైన = పై బెర్తు; నాది అనుచున్ = తనకు రాసిచ్చినట్టే మాట్లాడుతూ; పట్టున్ = పట్టుబట్టును, మెట్ల కమ్మీని పట్టుకొని వదలదు అని కూడా; నడుమ బెర్తు = మిడిల్ బెర్తును; లేపన్ = ఎత్తి గొలుసులకు తగిలించగా; నడుములు వంగెను = సుగమం; తెల్లవారుదనుక = తెల్లారేదాకా; హరియె = శ్రీమన్నారాయణుడే; దిక్కు = శరణ్యం.

తాత్పర్యం: పిల్లలు జాగాల కోసం కొట్టుకున్నారు. పెద్దలు బెర్తు ఎత్తారు. తెల్లవారింది.

విశేషాలు: "ఒక్కడు" అన్నవాడి విషయంలో రైల్వే ధర్మశాస్త్రం స్పష్టంగానే ఉంది. ఐదేళ్లు నిండనివాడికి, విడిగా బెర్తు కొంటే తప్ప, టిక్కెట్టూ లేదు, బెర్తూ లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివారికి బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ఛార్జీ. అంటే అక్కకు డబ్బు పోసి కొన్న పడక ఉంది, తమ్ముడికి ఏ ఆధారమూ లేదు. అనుభవంలో మాత్రం ఆ నిరాధారుడే బెర్తుకు అడ్డంగా పడుకుంటాడు, టిక్కెట్టున్నవాళ్లు అంచున వేలాడతారు. దీన్ని విరోధాభాసం అనడం ఆలంకారికుల మొహమాటం. 2022లో లక్నో మెయిల్‌లో కింది బెర్తు పక్కన చంటిబిడ్డ పడక ఒకటి బిగించి చూశారు. మన పద్యంలో ఆ పని తల్లి మోచెయ్యి చేస్తుంది.

కిటికీ తగవు ఎంతోసేపు నిలవదు. భువనగిరి కొండ కనబడినంతసేపే ఆ జాగాకు విలువ. కాజీపేట దాటాక చీకటిపడి అద్దంలో వాడి మొహమే వాడికి కనిపిస్తుంది, దాని కోసం పోట్లాడేవారు ఉండరు. ఇక ఘట్‌కేసర్ రాకముందే పులిహోర డబ్బా తెరిపించిన సంగతిని కవి ఎందుకు వదిలేశాడో తెలియదు. తినేశాడు గనక అని మా ఊహ.

నడుమ బెర్తు పగలు వీపు ఆన్చే పలక, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పడక. 2017కు ముందు తొమ్మిదికే ఎత్తుకోనిచ్చేవారు. పిల్లలకు నిద్ర ఎనిమిదికే ముంచుకొస్తుంది. కనుక ఎదుటి సీటు పెద్దాయనను "బాబాయిగారూ, కాస్త ముందే ఎత్తుకుంటామండీ" అని బతిమాలుకోవడం ఈ పాదంలో ధ్వని. నడుమ, నడుములు అన్నచోట యమకమా, అనుప్రాసమా అని వాదించేవారు ముందు ఒక చివర పట్టుకొని ఎత్తాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. మూడో పాదంలో రాత్రి పది. నాలుగో పాదంలో తెల్లవారిపోయింది. మధ్య ఏం జరిగింది?

విజయవాడలో బండి ఆగింది. కుదుపు ఆగితే పిల్లలు లేస్తారు, ఈ సూత్రం ఏ లక్షణ గ్రంథంలోనూ లేదు. లేచినవాడు బాత్రూముకన్నాడు. చెప్పుల్లో ఒకటి ఎవరి పెట్టె వెనక్కో పోయింది. ఎత్తుకొని, నిద్రపోతున్నవారి కాళ్లు తప్పించుకుంటూ, తలుపు గడియ ఒక చేత్తో తీసి, తడి నేలను కాలు తాకకుండా పట్టుకుంటే, వాడు ఆలోచించి "ఇప్పుడు రావట్లేదమ్మా" అన్నాడు. బెర్తు దగ్గరికి చేరగానే వచ్చింది.

అర్ధరాత్రి దాటాక కొవ్వూరు, ఆపైన గోదావరి. నదిలో వేయడానికి పిల్ల గుప్పిట్లో రూపాయి బిళ్ల పట్టుకొనే పడుకుంది. లేపాలా, వద్దా? వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు. లేపితే సామర్లకోట దాకా ప్రతి దీపం ఏ ఊరిదో చెప్పాలి. లేపకపోతే అనకాపల్లిలో మొదలైన ఏడుపు అమ్మమ్మగారి గుమ్మం దాకా ఆగదు. 1900 నుంచి బళ్లు మోసిన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుందనీ, ఇప్పుడు బళ్లు తక్కిన రెండు వంతెనల మీద పోతున్నాయనీ వివరించాల్సిన తండ్రి ఆ వేళకు ఎక్కడున్నాడు?

జవాబు పద్యంలోనే ఉంది. "లేప" అన్న క్రియకు కర్త లేదు. "నడుములు" ఎవరివో చెప్పలేదు. పది తర్వాత సంగతి ఒక్కటీ లేదు. కవి రెండో పై బెర్తెక్కి గుర్రుపెట్టాడనడానికి ఇంతకన్న అంతస్సాక్ష్యం అక్కర్లేదు. నిద్రపోయినవాడికి హరి దిక్కయ్యాడంటే కాదనం. కింద కూర్చున్న మనిషికి ఎవరు దిక్కో ఆయన చూడలేదు.

పాఠాంతరం: దొరికిన ఏకైక ప్రతి పులిహోర డబ్బా కింద పరిచిన దినపత్రిక అంచున ఉంది. అందులో "హరియె" కొట్టివేసి, వేరే దస్తూరీతో "తల్లె" అని దిద్ది ఉంది. హరియె నగణం, తల్లె హగణం, రెండూ సూర్యగణాలే. యతికి భంగం లేదు. అర్థం కుదిరింది. కాబట్టి "తెల్లవారుదనుక దిక్కు తల్లె" అన్నదే సాధుపాఠమని నిర్ణయిస్తున్నాం. కవిగారికి అభ్యంతరమైతే తిరుగు ప్రయాణంలో కింది బెర్తు, నాలుగేళ్లవాడితో సహా, ఆయనే తీసుకోవలసింది.